వరుస, వ్యూహం, అమానతు

ఈ జూలై 19వ తేదీ ఆదివారం అమెరికాలోని న్యూజెర్సీలో 2026 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరుగనున్నది. మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటి 12 గంటల 30 నిమిషాలకు, అనగా సోమవారం ప్రవేశించిన తరువాత ఆ ఆట మొదలవుతుంది. ఈసారి 48 దేశాలు, 104 ఆటలు. ఈ సంచిక ముద్రణకు వెళ్లేనాటికి ఆఖరి ఆటలో ఎదురుపడే రెండు జట్లేవో తేలలేదు. అయినా గద్వాల కోటగోడ పక్కనున్న చాయ్ హోటళ్లలో, వనపర్తి పాలిటెక్నిక్ పరిసరాల్లో, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం కట్ట మీద యువకులు నలుగురు కూడితే అదే మాట. ఎవరిని ఆడిస్తారు? ఎవరిని కూర్చోబెడతారు? ముందు ముగ్గురా, ఇద్దరా? గాయపడినవాడు కోలుకుంటాడా?

ఈ పిల్లల్లో చాలామంది పచ్చగడ్డి మైదానంలో ఒక్కసారి కూడా బంతి తన్ని ఎరుగరు. మన పాలమూరు నేల కబడ్డీకి, క్రికెట్‌కు అలవాటుపడినది. అయినా పదకొండు మంది పేర్లను తడుముకోకుండా అప్పజెబుతారు. మదరసాలో సర్ఫ్, నహూ సూత్రాలు గుర్తుండటం లేదని మొరపెట్టుకునే పిల్లవాడే నాలుగేళ్ల క్రితం ఆడిన ఆటలో ఏ నిమిషంలో ఎవరు మైదానం వీడారో చెబుతాడు. మేము ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాము కనుక ఈ సంగతి మాకు నవ్వునూ తెప్పిస్తుంది, ఆలోచననూ రేపుతుంది.

గత నెల నాగర్‌కర్నూల్ నుంచి ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. "మౌల్వీ సాబ్, మావాడు చెడు తిరుగుళ్లు తిరగడు, నమాజు మానడు. కానీ పొద్దస్తమానం ఆ జట్టులో ఎవరు, ఈ జట్టులో ఎవరు అనే ధ్యాసే. ఇది హరామని మీరొక మాట చెప్పండి, వింటాడు" అని అడిగారు. ఆ మాట మేము చెప్పలేదు. అల్లాహ్ హరాం చేయనిదానిని హరాం అనే అధికారం ఏ ఉస్తాదుకూ లేదు. అలాగని ఆ తండ్రి ఆందోళన నిరాధారమైనదీ కాదు. ఆయనకు ఇచ్చిన సమాధానాన్నే కొంత వివరంగా పాఠకుల ముందుంచుతున్నాము. టీవీ చూడటంపై ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాల జోలికి ఇక్కడ పోవడం లేదు. ఎవరు ఏ ఆలిమ్‌ను సంప్రదిస్తారో వారినే అడిగి తెలుసుకోవాలి. మా చర్చ ఆటకు ముందు జరిగే ఆ మాటల గురించే.

ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి?

ఎవరి బలమేమిటి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎదుటివాడు ఎటునుంచి వస్తాడు అని ఆలోచించడం మన సీరత్‌కు కొత్త కాదు. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ వద్ద దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకచోట విడిది చేసినప్పుడు హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) ఎంతో వినయంగా ఒక ప్రశ్న అడిగారు. ఈ స్థలం అల్లాహ్ ఆజ్ఞతో ఎంపికైనదా, లేక యుద్ధవ్యూహంగా తమరు తీసుకున్న నిర్ణయమా అని. వ్యూహమేనని తెలిశాక, ఇంకా ముందుకు సాగి శత్రువుకు దగ్గరలోని నీటి బావి వద్ద దిగుదామని, మిగిలిన బావులను పూడ్చుదామని సూచించారు. దైవప్రవక్త (స) ఆ సలహాను స్వీకరించారు. హిజ్రీ 5లో మదీనా చుట్టూ కందకం తవ్వాలన్న ఆలోచన పర్షియా నుంచి వచ్చిన సల్మాన్ ఫార్సీ (రజి)ది. అరబ్బులెరుగని ఆ పద్ధతి ఒక పరదేశి నోట వచ్చినా దానికి విలువ తగ్గలేదు.

ఎంపిక విషయానికి వస్తే, మా పిల్లలకు అత్యంత ఇష్టమైన వృత్తాంతం ఉహద్ నాటిది. బయలుదేరిన సైన్యాన్ని పరిశీలించి దైవప్రవక్త (స) చిన్న వయసు వారిని వెనక్కి పంపుతున్నారు. రాఫె బిన్ ఖదీజ్ (రజి) కూడా బాలుడే. కానీ విలువిద్యలో దిట్ట అని తెలిసి ఆయనకు అనుమతి లభించింది. అది చూసి సముర బిన్ జుందుబ్ (రజి) ఊరుకోలేదు. కుస్తీలో తాను రాఫెను పడగొట్టగలనన్నారు. ఇద్దరికీ కుస్తీ జరిగింది. సముర నెగ్గారు. ఆయనకూ వరుసలో చోటు దొరికింది. ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతిలో వెనక కూర్చునే పిల్లలు కూడా ముందుకు జరుగుతారు. జట్టులో చోటు దక్కాలని ఆరాటపడే మనసును దీన్ అణచలేదు. దానికి పరీక్ష పెట్టి, అర్హతను చూసి చోటిచ్చింది.

బద్ర్ రోజుదే మరొక ఘట్టం. దైవప్రవక్త (స) చేతిలో ఒక బాణపుల్లతో వరుసలను సరిచేస్తున్నారు. సవాద్ బిన్ గజియ్య (రజి) వరుస దాటి కొంచెం ముందుకు నిలుచున్నారు. ఆయన పొట్టపై ఆ పుల్లతో మెల్లగా పొడిచి సరిగా నిలువమన్నారు. సవాద్ తనకు నొప్పి కలిగిందని, దానికి బదులు ఇప్పించమని కోరారు. దైవప్రవక్త (స) తమ పొట్టపై వస్త్రం తొలగించి బదులు తీర్చుకోమన్నారు. సవాద్ వంగి, ఆ పవిత్ర దేహాన్ని హత్తుకొని ముద్దాడారు. చావు ఎదురుగా నిలిచిన వేళ తన చివరి స్పర్శ అదే కావాలన్నది ఆయన కోరిక. సేనానాయకుడైనా న్యాయానికి అతీతుడు కాడని ఆ వరుసలోని ప్రతి ఒక్కరికీ ఆనాడు అర్థమై ఉంటుంది.

మన హైదరాబాదు ఉపాధ్యాయుడు

వ్యూహం గురించి మాట్లాడే పిల్లలకు మెస్సీ, ఎంబాపేల పేర్లు తెలుసు. మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు చాలామందికి తెలియదు. 2024లో ఈదుల్ ఫిత్ర్ వేళ ఆయన జీవితంపై ఒక హిందీ చిత్రం వచ్చిన తరువాతే కొందరు అడగడం మొదలుపెట్టారు. సినిమాలో ఉన్నది ఎంత, లేనిది ఎంత అన్నది మాకు అక్కర లేదు. ఆ మనిషి గురించి మాత్రం పిల్లలకు చెప్పవలసినది చాలా ఉంది.

1909లో హైదరాబాదులో జన్మించిన రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ఆ తరువాత ఫుట్‌బాల్ శిక్షకుడైనారు. అందరూ ఆయనను రహీమ్ సాబ్ అని పిలిచేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణాన్ని, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని సాధించింది. గద్వాల, వనపర్తి సంస్థానాల పెద్దలు నిజాం రాజ్యపు చివరి రోజులను లెక్కపెట్టుకున్న కాలం ఎంతో వెనక్కి పోలేదు. ఆ రాజధాని వీధుల్లో బంతి తన్నిన పిల్లలు అప్పుడు దేశానికి ఆడుతున్నారు.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. ఆసియా క్రీడల తొలి ఆటలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. థాయిలాండ్‌పై 4-1తో గెలిచినా, రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 విజయం. సెమీఫైనల్‌కు వచ్చేసరికి రహీమ్ సాబ్ ముందు ఒక చిక్కు నిలిచింది. తలకు కుట్లున్న మనిషిని రక్షణలో నిలబెడితే ఎదుటివారి దాడులన్నీ ఆ తల మీదికే వస్తాయి. అసలు ఆడించకపోతే జట్టు బలహీనపడుతుంది. ఆయన జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరుసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోల్ చేశాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ అదే దక్షిణ కొరియా. సెమీఫైనల్లో గోల్ కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కనుంచి, అనారోగ్యం నుంచి కోలుకుంటున్న హైదరాబాదీ పీటర్ తంగరాజ్‌ను రహీమ్ సాబ్ దింపారు. కొరియావాళ్లు ఎత్తుగా వేసే బంతులకు పొడవైన మనిషి అవసరమని ఆయన లెక్క. లక్షమంది దాకా ఉన్న ప్రేక్షకుల్లో దాదాపు అందరూ భారత్‌కు వ్యతిరేకులే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథ్య దేశం రానివ్వని విషయంలో భారత క్రీడాధికారి ఒకరు చెప్పిన అభ్యంతరం అక్కడి జనానికి కోపం తెప్పించింది. ఆ హోరులో పాకిస్తాన్ హాకీ జట్టువారు భారత్ పక్షాన కేకలు వేశారని ఆనాటి ఆటగాళ్లు తరువాతి రోజుల్లో చెప్పుకునేవారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్ చేశారు. చివరన కొరియా ఒకటి తిరిగి ఇచ్చినా 2-1తో స్వర్ణం మనదైంది. సికింద్రాబాదు పక్కనున్న అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ ముందు వరుసలో ఒకడు.

అప్పటికే రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఫైనల్‌కు ముందు తన ఆటగాళ్లను ఒక కానుక ఇమ్మని కోరారని, ఆ కానుక స్వర్ణమేనని వారు గుర్తు చేసుకునేవారు. మరుసటి ఏడాది 1963 జూన్ 11న ఆయన ఈ లోకం విడిచారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి స్వర్ణం రాలేదు.

ఈ చరిత్ర చెప్పినప్పుడు మేము పిల్లలను ఒక్కటే గమనించమంటాము. తంగరాజ్ ఎంపికైన రోజున బర్మన్ కూర్చున్నాడు. సెమీఫైనల్ గెలిపించిన చేతులు ఫైనల్లో ఖాళీగా ఉన్నాయి. జర్నైల్‌కు తన చోటు కాని చోటు ఇచ్చారు. అతడు దానినే తన చోటు చేసుకున్నాడు. చర్చలో ఆటగాళ్ల పేర్లు మార్చడం మనకు సులువు. పక్కన కూర్చోవలసి వచ్చినవాడి మనసును కూడా లెక్కలోకి తీసుకునేవాడే నిజంగా జట్టును నడపగలడు.

ఖతర్ ఫైనల్ రాత్రి

2022 డిసెంబరు 18న ఖతర్‌లోని లుసైల్ మైదానంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ తలపడిన ఫైనల్ కూడా ఆదివారమే. మన సమయం ప్రకారం రాత్రి 8 గంటల 30 నిమిషాలకు ఆట. ఆ సాయంత్రం మగ్రిబ్ తరువాత మా మదరసా వరండాలో గద్వాల, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పూర్వ విద్యార్థులు కొందరు, హిఫ్జ్ చదివే పిల్లలు మరికొందరు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో చాప మీద చింతగింజలు. నల్లగింజలు ఫ్రాన్స్, పొట్టు తీసిన తెల్లగింజలు అర్జెంటీనా. మేము కొంచెం దూరంగా కూర్చొని మరుసటి రోజు పాఠం చూసుకుంటూనే చెవి అటు పెట్టాము.

ముందుగా మొరాకో గురించి దుఃఖం తీరలేదు. ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన మొట్టమొదటి ఆఫ్రికా జట్టు, అరబ్ జట్టు అది. డిసెంబరు 14న ఫ్రాన్స్ చేతిలో 2-0తో ఓడింది. ఆ రోజు ప్రకటించిన పదకొండు మందిలో ఉన్న అగెర్ద్ ఆట మొదలుకాకముందే గాయంతో తప్పుకున్నాడు. సారథి సాయిస్ 21 నిమిషాలకే బయటకు వచ్చాడు. "కాగితం మీద రాసిన జట్టు వేరు, అల్లాహ్ రాసింది వేరు" అని నాగర్‌కర్నూల్ యువకుడు నిట్టూర్చాడు. ఆ తరువాత చీలిక వచ్చింది. మొరాకోను ఓడించింది కనుక ఫ్రాన్స్ ఓడాలని కొందరు. ఫ్రాన్స్‌లో ముస్లిం ఆటగాళ్లున్నారు కనుక గెలవాలని మరికొందరు. గాయంతో ఇంటికి వెళ్లిపోయిన బెంజెమా ఫైనల్‌కు తిరిగి వస్తాడన్న పుకారు ఒకటి. సెమీఫైనల్‌కు జబ్బుపడిన రబియో, ఉపమెకానో కోలుకున్నారా అన్నది మరొకటి. డి మరియాను ఆడిస్తే ఎక్కడ అన్నది అన్నిటికంటే పెద్ద వివాదం. అందరూ ఆ తెల్లగింజను కుడిపక్కనే పెట్టారు.

ఇషా జమాఅత్ ముగిసేసరికి జట్ల జాబితాలు వచ్చేశాయి. బెంజెమా లేడు. రబియో, ఉపమెకానో ఉన్నారు. డి మరియా ఉన్నాడు. కానీ ఆట మొదలయ్యాక చూస్తే అతడు ఎడమపక్కన నిలిచాడు. మా వరండాలో ఎవరి అంచనాకూ అందని సంగతి అది. అటునుంచే మొదటి పెనాల్టీ వచ్చింది, 23వ నిమిషంలో మెస్సీ దానిని గోల్ చేశాడు. 36వ నిమిషంలో డి మరియాయే రెండవది చేశాడు. ఫ్రాన్స్ శిక్షకుడు దెషాంప్ విరామం కూడా రాకముందే, 41వ నిమిషంలో ఇద్దరిని మార్చాడు. 64వ నిమిషంలో డి మరియాను తీసేశారు. 80వ నిమిషంలో, ఆ వెంటనే 81లో ఎంబాపే రెండు గోల్స్ చేశాడు. అదనపు సమయంలో 3-3. చివరకు పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా గెలిచింది.

ఆఖరి పెనాల్టీ తన్నినవాడు మోంటియెల్. ఆట మొదలైనప్పుడు అతడు పదకొండు మందిలో లేడు. అదనపు సమయంలో వచ్చాడు. ఫ్రాన్స్‌కు మూడవ గోల్ దక్కిన పెనాల్టీ కూడా అతడి చేతికి బంతి తగలడం వల్లనే వచ్చింది. ఆ పొరపాటు జరిగిన కొద్ది నిమిషాలకే అతడిని నమ్మి ఆఖరి తన్ను అప్పగించారు. పొరపాటు చేసిన పిల్లవాడికి మరొక అవకాశం ఇవ్వడానికి వెనుకాడే తల్లిదండ్రులు, ఉస్తాదులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. తౌబా ద్వారాన్ని అల్లాహ్ తెరిచి ఉంచితే మనం మూయడం ఏమిటి?

నీకు ఆట తెలుసు కదా

ఆ వరండాలో కూర్చున్నవారిలో గద్వాల యువకుడొకడు ఎక్కువ మాట్లాడలేదు. మాటిమాటికీ ఫోను తీసి చూస్తున్నాడు. అతడు పదకొండు మందిని ఎంచుకొని ఒక యాప్‌లో డబ్బు కట్టాడని తరువాత తెలిసింది. ఆ ఒక్క రాత్రి సంగతి కాదు అది. ఆ ఏడాది క్రికెట్ కాలం నుంచే మొదలైంది. నెల తిరగకముందే అతడి తల్లి మా దగ్గరకు వచ్చింది. భర్త లేని ఆ తల్లి బట్టలు కుట్టి, కూతురి నికాహ్ కోసం 40 వేల రూపాయలు కూడబెట్టింది. ఆ డబ్బు లేదు. దానిపై మరికొంత అప్పు ఉంది. "మౌలానా సాబ్, మావాడు తాగుబోతు కాదు, తిరుగుబోతు కాదు, మీ దగ్గర చదివినోడు" అని ఆమె అన్నదే గానీ కంటనీరు పెట్టుకోలేదు. ఆ నిబ్బరమే మమ్మల్ని ఎక్కువ కలచివేసింది.

యువకుడిని పిలిపించాము. తలవంచుకొని కూర్చొని, "హజ్రత్, ఇది జూదం కాదనుకున్న. పేకాట అయితే అదృష్టం. ఇది తెలివి. ఎవరు ఎక్కడ ఆడుతరో తెలిసినోడు గెలుస్తడు" అన్నాడు. ఈ కాలపు జూదానికి ఉన్న అసలు ముసుగు ఈ మాటలోనే ఉంది. పాతకాలపు జూదం మనిషి ఆశను పట్టుకునేది. ఇది అతడి జ్ఞానాన్ని పొగుడుతుంది. చింతగింజల చుట్టూ కూర్చొని నేర్చిన ఆ మాటనే వెలకట్టి, నీకు ఆట తెలుసు కదా, ఊరికే ఎందుకు మాట్లాడతావు, డబ్బు పెట్టు అంటుంది.

ఇక్కడ షరీఅత్ తీర్పు స్పష్టం. గుర్రపు పందెంలోనూ నేర్పు ఉంటుంది. గుర్రాన్ని ఎరిగినవాడు, స్వారీ తెలిసినవాడు గెలుస్తాడు. అయినా ఇరుపక్షాలూ సొమ్ము పెట్టి, గెలిచినవాడు ఓడినవాడి సొమ్ము తీసుకునే షరతు ఉంటే ఫుఖహాలు దానిని ఖిమార్ అన్నారు. పోటీదారులు కాని మూడవ వ్యక్తి ప్రోత్సాహంగా బహుమతి ఇస్తే అది వేరు. పదిమంది తలా కొంత కట్టి, ఆ కుప్పను ఒకరో ఇద్దరో తీసుకుపోయే ఏర్పాటు ఏ పేరుతో వచ్చినా ఖిమారే. అందులో నేర్పు ఎంత ఉన్నా తీర్పు మారదు. దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో మద్యంతో పాటు జూదాన్ని నిషేధిస్తూ రెండు కారణాలు తెలియజేసింది. షైతాన్ దాని ద్వారా మనుషుల మధ్య వైరాన్ని రగిలిస్తాడు, అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి ఆపుతాడు.

నేర్పు అనే వాదన ఆట దృష్టితో చూసినా నిలువదు. అగెర్ద్ గాయపడతాడని ఎవరికి తెలుసు? డి మరియా ఎడమకు వెళతాడని ఎవరు చెప్పారు? రెండు నిమిషాల్లోపు రెండు గోల్స్‌ను ఏ తెలివి లెక్కగట్టింది? జీవితమంతా ఆటలోనే గడిపిన శిక్షకులే ఫైనల్ మధ్యలో తమ వ్యూహాన్ని మార్చుకున్నారు. గద్వాలలో దుకాణంలో పనిచేసే కుర్రవాడు తల్లి కుట్టుకూలిని దానిపై పెట్టాడు.

ప్రభుత్వాలు కూడా ఈ కీడును గుర్తించాయి. తెలంగాణ రాష్ట్రం 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాన్ని సవరించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. కానీ ఫోను ఉన్న ప్రతి జేబులో ఏదో ఒక దారి తెరుచుకుంటూనే ఉంటుంది. చట్టానికి కనబడని చోట తఖ్వాయే కాపలా కాయాలి.

ఆ యువకుడి విషయంలో మస్జిద్ పెద్దలతో కలిసి కూర్చున్నాము. అప్పును ఖర్జె హసన్‌గా, వడ్డీ లేకుండా సర్దారు. అతడు తన బైకు అమ్మాడు. నెలకు ఇంతని కడుతూ వచ్చాడు. చెల్లెలి నికాహ్ ఏడాదిన్నర ఆలస్యంగానైనా నిరాడంబరంగా జరిగింది. ఇంకా కొంత బాకీ మిగిలే ఉంది. ప్రతి నెలా మొదటి జుమా రోజున అతడు వచ్చి డబ్బు ఇచ్చి వెళతాడు. ఆట గురించి ఇప్పటికీ మాట్లాడతాడు. ఆ మాటను మేము ఆపలేదు.

ఉహద్ కొండ మీద

ఇలాంటి సందర్భాల్లో మాకు ఉహద్ విలుకాళ్లే గుర్తుకు వస్తారు. అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ మూడు వందల మందితో వెనుదిరిగిన తరువాత మిగిలిన సైన్యం ఏడు వందలు. వెనక నుంచి దాడి జరగకుండా ఒక చిన్న గుట్ట మీద యాభై మంది విలుకాళ్లను, అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) నాయకత్వంలో దైవప్రవక్త (స) నిలబెట్టారు. మేము గెలిచినా, మా శవాలను పక్షులు పీక్కుపోతున్నా కబురు పంపేదాకా కదలవద్దని ఆజ్ఞాపించారు. వ్యూహం ఫలించింది. శత్రువు పారిపోసాగాడు. అప్పుడు కింద విజయసొత్తు కనబడింది. నాయకుడు వారిస్తున్నా అత్యధికులు దిగిపోయారు. సుమారు పదిమందితో నిలిచిపోయిన అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ షహీద్ అయినారు. అప్పటికి ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ ఆ ఖాళీలోంచే వచ్చి ఆట తిప్పేశారు.

ఆ గుట్ట మీది యాభై మంది చేతికి ఆ రోజు కీర్తి రాదు. ఎవరి కళ్లూ వారి మీద లేవు. గోల్ కాచేవాడి లాంటి పని. అయినా మొత్తం వ్యూహం వారి మీదనే నిలిచింది. చోటు వదలడానికి కారణమైనది సొత్తు మీది దృష్టి. అల్లాహ్ వారిని క్షమించాడు. అందరితో సంప్రదించమన్న ఆదేశం కూడా ఉహద్ తరువాతి ఆలి ఇమ్రాన్ 159వ ఆయతులోనే ఉంది. సంప్రదింపు పొరపాటుకు దారితీసినంత మాత్రాన సంప్రదించడం మానవద్దని ముఫస్సిర్లు దాని నుంచి గ్రహించారు. మనిషికి అప్పగించిన చోటు అమానతు. తల్లి కూడబెట్టిన సొమ్మున్న ఇంట్లో కొడుకు నిలవవలసిన చోటు కూడా ఆ గుట్ట లాంటిదే.

రెండు పక్షాలు, ఒక మజ్లిస్

డబ్బు తరువాత నాలుక. ఫైనల్‌కు ముందు రోజుల్లో ఒక జట్టు అభిమాని మరొక జట్టు అభిమానిని ఎన్ని మాటలంటాడో పాఠకులు ఎరుగుదురు. బుఖారీలో నమోదైన హదీసు ఒకటి ఈ సందర్భానికి చెప్పినట్లే ఉంటుంది. అస్లమ్ తెగవారు విలువిద్యలో పోటీపడుతుంటే దైవప్రవక్త (స) అటు వెళుతూ వారిని ప్రోత్సహించి, తాను ఫలానా పక్షంతో ఉన్నానన్నారు. వెంటనే రెండవ పక్షంవారు బాణాలు వేయడం ఆపేశారు. తమరు వారితో ఉండగా మేమెలా వేస్తామని అడిగారు. వేయండి, నేను మీ అందరితో ఉన్నానని ఆయన అన్నారు. పక్షం పట్టడం తప్పు కాలేదు. ఎదుటి పక్షం మనసు చిన్నబోయినప్పుడు దానిని కూడా తన వాళ్లలో కలుపుకోవడం ఆయన పద్ధతి.

ఓటమికి కుంగేవారికి మరొక హదీసు ఉంది. దైవప్రవక్త (స) వారి ఒంటె అజ్బాను ఏ ఒంటే దాటేది కాదు. ఒకరోజు ఒక ఎడారివాసి తన ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. సహాబాలకు అది చాలా కష్టంగా తోచింది. లోకంలో పైకి లేచిన ప్రతిదానినీ అల్లాహ్ ఒకనాడు కిందికి దించుతాడని ఆయన వారిని సముదాయించారు. మొరాకో ఓడిన మరునాడు అన్నం మానేసిన ఒక హిఫ్జ్ విద్యార్థికి మేము ఈ హదీసే చెప్పాము. మధ్యాహ్నం తిన్నాడు.

ఆ రాత్రికి ముందు

తల్లిదండ్రులకు, యువకులకు ఆచరణలో పెట్టదగిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము. సోమవారం బడులు, పనులు ఉన్న రోజు. 12 గంటల 30కి మొదలైన ఆట మామూలుగా సాగితే రెండున్నరకు, అదనపు సమయం, పెనాల్టీలు వస్తే మూడున్నర దాకా సాగుతుంది. మన ప్రాంతంలో ఆ నాటికి ఫజ్ర్ వేళ నాలుగున్నర ప్రాంతంలో ప్రవేశిస్తుంది. ఆట ముగిసి, అజాన్ కావడానికి మధ్యనున్న ఆ గంట, రెండు గంటలే ప్రమాదం. అప్పుడు పడుకున్నవాడు లేవడు. కనుక చూడాలనుకున్నవారు ఆదివారం ఇషా జమాఅత్‌తో చదివి వెంటనే పడుకోవాలి. ఇషా తరువాత కబుర్లు దైవప్రవక్త (స)కు ఇష్టం లేదని హదీసు చెబుతున్నది. ఫైనల్ గురించిన చర్చంతా మగ్రిబ్‌కు ముందే ముగించుకోవచ్చు. రాత్రి లేచినవారు ముందు వుజూ చేసి రెండు రకాతులు చదువుకోవాలి. ఎలాగూ తహజ్జుద్ వేళ మెలకువగా ఉన్నారు, ఆ వేళ విలువ వారికి తెలియకపోవడమే విచారకరం.

ఆ రోజు సోమవారం కనుక ఉపవాసం సున్నత్ కూడా. ఆట ముగిశాక ఇంట్లో నాలుగు రొట్టెలు, గ్లాసెడు పాలు ఉంటే అదే సహ్రీ. ఫజ్ర్‌కు మస్జిద్‌కు నడిచి వెళ్లడానికి అదే తోడు. మా మదరసాలో పెద్ద తరగతి పిల్లలతో ఈ ఏర్పాటు గురించి మష్వరా చేశాము. ఎవరు ఎవరిని లేపాలి, ఎవరు రొట్టెలు చూడాలి, ఎవరు చిన్నపిల్లలను నిద్రలేపకుండా కాపలా ఉండాలి అన్నది వారే పంచుకున్నారు. ఆట చూడనని ముందుకొచ్చి చిన్నపిల్లల గది బాధ్యత తీసుకున్నవాడు ఒకడున్నాడు.

తండ్రులతో ఒక మనవి. పిల్లవాడు జట్టు గురించి మాట్లాడుతుంటే కసురుకోకండి, ఒక పూట పక్కన కూర్చోండి. ఎవరిని ఎందుకు ఎంచుకున్నావని అడగండి. మీతో మాట్లాడే పిల్లవాడు డబ్బు పెట్టే ముందు కూడా మీతోనే మాట్లాడే అవకాశం ఉంది. వాడి ఫోనులో డబ్బు అడిగే యాప్ ఏదైనా ఉందా అని సూటిగా, కోపం లేకుండా అడగండి. ఉంటే ఇద్దరూ కలిసి తొలగించండి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఆ తండ్రికి కూడా ఇదే చెప్పి పంపాము. పదిరోజుల తరువాత ఆయన ఫోను చేసి, డి మరియా అనే ఆటగాడు ఇప్పుడు ఆడటం లేదా మౌల్వీ సాబ్ అని అడిగారు.

అల్లాహ్ మన పిల్లల తెలివిని హలాల్ మార్గంలో వినియోగించే భాగ్యాన్ని, వారికి అప్పగించిన చోట స్థిరంగా నిలిచే ఓర్పును ప్రసాదించుగాక! అప్పుల్లో చిక్కిన యువకులకు, వారి తల్లులకు సులువైన దారి చూపుగాక! ఆమీన్.